కడగని బండినే షెడ్డుకు తీసుకురండి: సరుకు వాహనాల యజమానులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో డీసీఎంలు (మధ్యరకం సరుకు బండ్లు), లారీలు, టిప్పర్లు, ట్రాలీ ఆటోలు తిప్పుతున్న యజమానులకు, వారి సంఘాల పెద్దలకు నమస్కారం.

నేను ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్‌ని. మీలో చాలామంది బండ్లు ఏదో ఒక రోజు నా జాకీ మీదికి ఎక్కినవే. వ్యాపారం ఎలా చేసుకోవాలో మీకు నేర్పేంతటి వాణ్ణి కాను, అందుకోసం ఈ లేఖ రాయడమూ లేదు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో తేల్చే ఫిట్‌నెస్ పరీక్షకు దాన్ని సిద్ధం చేయడమనే పని మన నగరంలో రానురాను ఎలా తయారైందో, అలా తయారు కావడంలో నా చేయి ఎంత ఉందో ఒప్పుకుని, ఇకమీదట నా షెడ్డులో ఆ పని ఏ పద్ధతిలో జరుగుతుందో అందరికీ ఒకేసారి చెప్పాలని రాస్తున్నాను. ఎదురుగా నిలబడి ఒక్కొక్కరికి చెప్పబోతే మొహమాటం అడ్డొస్తోంది. టీ తాగించి భుజం మీద చెయ్యి వేసిన మనిషికి కాదని చెప్పడం నాకు ఇన్నేళ్లలో చేతకాలేదు.

ఫోన్ ఎప్పుడూ ఒకేలా వస్తుంది. "అన్నా, ఎల్లుండి ఫిట్‌నెస్‌కు స్లాట్ ఉంది, బండి కొంచెం చూసిపెట్టు" అంటారు. ఆ 'కొంచెం'లో ఏమేమి ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. క్యాబిన్‌కు రంగు వేయడం, చుట్టూ మెరిసే టేపు అంటించడం, పగిలిన ఇండికేటర్ అద్దాలు మార్చడం, వేలాడుతున్న మడ్‌గార్డులు బిగించడం, ఒక్క రోజుకు మంచి టైర్లు ఎక్కించడం. పరీక్ష చేసే అధికారి, అదే మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్, నిలబడి చూస్తే కంటికి ఆనేవన్నీ ఆ జాబితాలో ఉంటాయి, వంగి చూస్తే తప్ప కనిపించనివి మాత్రం ఒక్కటీ ఉండవు. పైన పటారం, లోన లొటారం అనే సామెత దేన్ని చూసి పుట్టిందో గానీ, ఫిట్‌నెస్‌కు బయల్దేరిన పన్నెండేళ్ల డీసీఎంకు అది కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది.

అందువల్ల నా మొదటి విన్నపం మీకు కాస్త విచిత్రంగా తోచవచ్చు. ఫిట్‌నెస్ పనికి బండిని తెచ్చేటప్పుడు దయచేసి కడిగించి తీసుకురావద్దు. సర్వీసింగ్ సెంటర్‌లో నీళ్ల ప్రెషర్‌తో అడుగు భాగమంతా కడిగించి, తళతళలాడించి తెస్తే నాకు గౌరవం ఇచ్చినట్టు మీరు అనుకుంటారు. కానీ ఏడాది పొడవునా ఆ బండి తనకు తాను రాసుకున్న ఆరోగ్య చరిత్ర మొత్తం ఆ నీళ్లతో కొట్టుకుపోతుంది. చక్రం మధ్యనుండే హబ్బులోని ఆయిల్ సీలు పాడైతే, లోపలి నుంచి కారిన నూనె చక్రం తిరిగే వేగానికి టైరు లోపలి గోడ మీద నల్లటి చారలుగా చిమ్ముతుంది. కమాన్లను, అంటే స్ప్రింగు పట్టాలను, ఇరుసుకు బిగించే యు బోల్టు వదులైతే, ఆ రెండింటి మధ్య జరిగిన రాపిడికి ఎర్రటి తుప్పు పొడి రాలి నట్టు చుట్టూ పేరుకుంటుంది. వీల్ నట్టు వదులైతే, దాని అడుగు నుంచి రిమ్ము మీదికి తుప్పు గీత ఒకటి సన్నగా జారుతుంది. కమాన్ పట్టా విరిగిన చోట మట్టి పగిలి ఉంటుంది. ఇవన్నీ కడగని బండి మీద నాకు పది నిమిషాల్లో కనిపిస్తాయి. కడిగిన బండి మీద ఇవే కనిపెట్టడానికి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి అప్పటికీ కనిపించవు. నేను చూసిన తర్వాత ఎంత బాగా కడిగించినా నాకు అభ్యంతరం లేదు. పరీక్షకు వెళ్లే బండి శుభ్రంగానే ఉండాలి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో చాలా భాగం మీకు తెలిసిందే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటులో ఉన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనం రిజిస్ట్రేషన్ ఉన్న వాహనంగా లెక్కలోకి రాదు. కొత్త బండికి మొదట రెండేళ్లు ఇస్తారు, ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా పరీక్షకు వెళ్లాలి. సర్టిఫికెట్ లేకుండా తిరుగుతున్న బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే కాగితాల్లో అదొకటి. ఇవన్నీ తెలిసే మనం గడువు ముందు రోజు దాకా ఆగుతాం. ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఇవాళ వచ్చిన బండికి నేను చేయగలిగింది అలంకరణే. మరమ్మతు చేయాలంటే సామాను రావాలి, బ్రేకు డ్రమ్ము నునుపు చేయడానికి లేత్ మీదికి వెళ్లాలి, దాన్ని ఒరుసుకుని బండిని ఆపే కొత్త లైనర్లు రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగి డ్రమ్ముకు ఒదగాలి. అందుకే గడువుకు నెల రోజుల ముందు బండిని తీసుకురావాలని అడుగుతున్నాను. నెలంతా బండిని ఆపాల్సిన పని లేదు. మొదటి రోజు ఒక పూట చూసి, చేయాల్సినవి కాగితం మీద రాసిస్తాను. ఆ తర్వాత మీకు లోడు లేని రోజుల్లో రెండు మూడు విడతలుగా పని పూర్తి చేసుకోవచ్చు.

బ్రేకుల గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పక తప్పదు. మన వాళ్లు పరీక్ష చేసే అధికారిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అనకుండా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుస్తూ వచ్చారంటే, ఈ పరీక్షకు ప్రాణం ఎక్కడుందో పాతకాలం డ్రైవర్లకు బాగా తెలుసన్నమాట. "బ్రేకు పడుతోందా?" అని అడిగితే మీరందరూ పడుతోందనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. ఖాళీ బండికి, చదును రోడ్డు మీద, ముప్పై కిలోమీటర్ల వేగంలో నాలుగు చక్రాల్లో రెండింటికి పడినా బండి ఆగుతుంది. రాత్రి పదకొండు దాటాక టైల్స్ లోడుతో జూబ్లీహిల్స్ వాలు దిగేటప్పుడు ఆ రెండు చక్రాలే మొత్తం బరువును మోయాల్సి వస్తుంది. అవి వేడెక్కి పట్టు వదిలేస్తే మిగిలిన రెండింటిలో ముందునుంచీ ఏమీ లేదన్న సంగతి అప్పుడు గానీ బయటపడదు.

అందుకే నేను నాలుగు చక్రాలనూ విప్పి చూస్తాను. ఒక్క చక్రం విప్పి 'మిగతావీ ఇలాగే ఉంటాయి' అనుకునే పద్ధతి నా దగ్గర కూడా ఉండేది, మానేశాను. లైనరు మందం ఎంత మిగిలిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. రివెట్ల తలలు బయటికి వచ్చి డ్రమ్మును గీస్తున్నాయా, డ్రమ్ము లోపలి అంచున పెదవిలాగా మెట్టు కట్టిందా, ఒక వైపు లైనరు ఎక్కువ అరిగి రెండో వైపు కొత్తదానిలా ఉందా అన్నవి కూడా చూడాలి. హబ్బు నూనె తాగిన లైనరును పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వేసే అలవాటు మన ఆటోనగర్‌లో ఇంకా ఉంది. పైకి పొడిగా కనిపించే ఆ లైనరు నాలుగు సార్లు బ్రేకు నొక్కి వేడెక్కగానే తాగిన నూనెను మళ్లీ కక్కుతుంది, ఆ చక్రం జారుతుంది, స్టీరింగ్ రెండో వైపుకు లాగుతుంది. సీలు మార్చి, ఆ ఇరుసుకు రెండు వైపులా లైనర్లు కలిపి మార్చడమే దానికి మందు. ఒక వైపు మాత్రమే మార్చమని బేరమాడిన యజమానులు మీలో ఉన్నారు. వారిని నొప్పించాలని కాదు గానీ, చెప్పులు కొనేటప్పుడు వారు ఒంటి చెప్పు కొన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఎయిర్ బ్రేకు ఉన్న బండ్లలో ఇంకో సులువైన పరీక్ష ఉంది, దానికి మెకానిక్ అవసరం కూడా లేదు. తెల్లవారుజామున, చుట్టూ చప్పుడు లేనప్పుడు, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజన్ నడిపి గాలి నిండనిచ్చి, ఇంజన్ ఆపేసి, బ్రేకు పెడల్ నొక్కి పట్టుకోమని క్లీనర్‌కు చెప్పి, మీటరు ముల్లు కిందికి జారుతోందో లేదో గమనిస్తూ మీరు బండి చుట్టూ ఒకసారి నడవండి. గాలి పోతున్న చోట సన్నటి బుస వినిపిస్తుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చి చోటు చూపిస్తుంది. ఎయిర్ ట్యాంకు కిందున్న డ్రెయిన్ కాక్‌ను తిప్పినప్పుడు గ్లాసెడు నీళ్లు, వాటితో పాటు నూనె జిడ్డు వస్తున్నాయంటే ఆ బండికి రోజూ నీళ్లు తీసే అలవాటు లేదన్నమాట, కంప్రెసర్ నూనె తోస్తోందన్న అనుమానం కూడా పెట్టుకోవాలి. మా చిన్నప్పుడు లారీ అడ్డాల్లో డ్రైవర్లు పొద్దున్నే ముఖం కడుక్కోకముందే ఈ కాక్ తిప్పేవారు. ఇప్పటి కుర్రాళ్లకు అది ఎక్కడ ఉంటుందో చూపించిన యజమాని ఎవరైనా ఉంటే ఆయనకు నా దండాలు.

స్టీరింగ్ విషయంలో కూడా ఇదే తంతు. చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగ్ అటూ ఇటూ ఆడించి 'ప్లే ఎక్కువ లేదు' అనేస్తే సరిపోదు. ముందు ఇరుసును జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నుల సంగతి తెలుస్తుంది. పక్కల పట్టుకుని ఊపితే రెండు చక్రాలనూ కలిపే కడ్డీ కొసల, అంటే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. వదులుగా ఉన్న కింగ్ పిన్నును గ్రీజు దట్టంగా కొట్టించి ఒక వారం దాచిపెట్టవచ్చు. ఆ వారంలో పరీక్ష అయిపోతుంది, పిన్ను మాత్రం అలాగే ఉంటుంది.

ఇక టైర్ల దగ్గరికి వస్తాను. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మా షెడ్డులో చాలాకాలం ఒక జత ముందు టైర్లు ఉండేవి, మంచి గాడులతో, రిమ్ములతో సహా. ఫిట్‌నెస్ రోజు పొద్దున ఎవరిదో ఒకరి డీసీఎంకు అవి ఎక్కేవి, సాయంత్రం దిగేవి. దానికి నేను రోజు కిరాయి తీసుకునేవాణ్ణి. ఇది నేనొక్కణ్ణే చేసిన పని కాదని, ఇప్పటికీ ఎక్కడెక్కడ జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసని నాకు తెలుసు. నియమం ప్రకారం లారీలు, డీసీఎంల వంటి వాహనాల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ కొలత కోసం పరికరం కూడా అక్కర్లేదు, గాడి అడుగున తయారీదారే పోసిన చిన్న గుబ్బలు ట్రెడ్డుతో సమానంగా కనిపించాయంటే ఆ టైరుకు కాలం చెల్లింది. ఒక యజమాని 17 అడుగుల డీసీఎం ముందు టైర్లు రెండూ ఆ గుబ్బలను దాటి అరిగిపోయి, ఒకదానికి పక్క గోడలో వేలు పట్టేంత కోత కూడా ఉంది. కొత్తవి కొనమన్నాను. బోనాల సీజను అయ్యాక కొంటానని, ఇప్పటికి నా జత ఇవ్వమని అడిగారు. ఇచ్చాను. బండి పాసైంది. సాయంత్రానికి నా టైర్లు నా షెడ్డుకు వచ్చేశాయి.

సరిగ్గా మూడు వారాలకు తెల్లవారుజామున ఆయనే ఫోన్ చేశారు. ఔటర్ రింగు రోడ్డు మీద ఎడమ ముందు టైరు పేలి, టమాటా లోడుతో బోయిన్‌పల్లి మార్కెట్‌కు వస్తున్న బండి రెయిలింగుకు గుద్దుకుని పక్కకు ఒరిగింది. నేను క్రేను వెంట వెళ్లేసరికి డ్రైవర్‌ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. రోడ్డు నిండా టమాటాలు, వాటి మీది నుంచి వెళ్లిన చక్రాల జాడలు. కాగితాల కోసం క్యాబిన్‌లోకి వంగితే డ్యాష్‌బోర్డు అరలో, పాలిథిన్ కవరులో మడత పెట్టిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కనిపించింది. దాని మీద తేదీ నాకు కంఠతా వచ్చు, ఆ రోజు పొద్దున ఆ బండికి నట్లు బిగించింది నేనే. పేలిన టైరు లోపల కోత ఉన్న చోటే చీలింది. బీమా వాళ్లు, పోలీసులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు, సర్టిఫికెట్ చెల్లుబాటులోనే ఉందని రాసుకున్నారు. ఆ డ్రైవర్ ఆరు నెలలు స్టీరింగ్ పట్టలేదు. ఆ ఆరు నెలల జీతం ఎవరిచ్చారన్న ప్రశ్న నేను యజమానిని అడగలేదు, నాకు అడిగే ముఖం లేదు. ఆ జత టైర్లు ఇప్పుడు మా షెడ్డు ముందు మట్టిలో సగం దాకా పాతిపెట్టి ఉన్నాయి, కుర్రాళ్లు వాటి మీద కూర్చుని టిఫిన్ తింటున్నారు. వాటిని అడగవద్దని మనవి.

ఇలా ఒక్క రోజుకు పెట్టి తీసే అలవాటు టైర్లతో ఆగలేదు. పాత రకం డీజిల్ పంపు ఉన్న బండ్లకు పొగ పరీక్ష ముందు పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గించమంటారు, కాగితం చేతికి రాగానే బండి లాగడం లేదని మళ్లీ పెంచమంటారు. పొగ ఎంత దట్టంగా ఉందో చెప్పే కె విలువ బీఎస్-4 కాలుష్య ప్రమాణం బండ్లలో 1.62, అంతకు ముందు బండ్లలో 2.45 దాటకూడదని హద్దు పెట్టారు. ఎయిర్ ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు టెస్టింగుకు ఇచ్చి, వాల్వు గ్యాపు సరిచేస్తే చాలా బండ్లు ఆ హద్దు లోపలికి వాటంతట అవే వస్తాయి, డీజిల్ కూడా మిగులుతుంది. స్పీడ్ గవర్నరు సంగతీ అంతే. 2015 అక్టోబరు నుంచి తయారైన రవాణా వాహనాల్లో చాలా వాటికి గంటకు 80 కిలోమీటర్లకు మించనివ్వని గవర్నరు ఉండాలి, డంపర్లకు, ట్యాంకర్లకు అది 60. పరీక్ష రోజు దాని వైరు కలిపి, మర్నాడు కోసేయమని నన్ను అడిగినవారి లెక్క వేళ్ల మీద చెప్పగలిగేది కాదు. వైర్లు కలపడానికి నాకు ఇబ్బంది లేదు. కోసే పని మాత్రం నా షెడ్డులో ఇక జరగదు.

వెనక కట్టే అండర్‌రన్ బార్ గురించి ఒక మాట. గోడౌన్ ప్లాట్‌ఫారాలకు తగిలి వంగిపోతోందని దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోయించి, పరీక్షకు ముందు రెండు చుక్కల వెల్డింగుతో మళ్లీ అతికిస్తున్నారు. ఆ బార్ నేల నుంచి 550 మిల్లీమీటర్ల కంటే ఎత్తులో ఉండకూడదు. రాత్రి వేళ ఆగి ఉన్న లారీ వెనక నుంచి దూసుకొచ్చిన కారు, స్కూటరు దాని కిందికి వెళ్లిపోకుండా ఆపడానికే దాన్ని పెట్టారు. రెండు చుక్కల వెల్డింగు కారును ఆపుతుందా అన్నది మీరే ఆలోచించండి. వంగితే తీయించి నిటారు చేయించడానికి అయ్యే ఖర్చు ఒక ట్రిప్పు డీజిల్‌లో పావు వంతు కూడా కాదు.

మిగతావి చిన్నవి, గబగబా చెబుతాను. మెరిసే టేపు ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు ఉండాలి. పెచ్చులూడుతున్న రంగు మీదే అంటిస్తే మొదటి వానకే ఊడుతుంది, ముందు తుప్పు గీకి, థిన్నర్‌తో తుడిచి అంటించాలి. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతోందంటే బల్బుది కాదు తప్పు, ఎర్త్ వైరుది. అలాంటప్పుడు కొత్త ల్యాంపు కొనకండి, ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకి బిగిస్తే అయిపోతుంది. రకరకాల రాగాలు తీసే హారను, ముందు కట్టించిన బుల్ గార్డు, అదనంగా పెట్టించిన కళ్లు జిగేల్మనే లైట్లు పరీక్షకు ముందు తీసేస్తున్నారు కదా, వాటిని మళ్లీ పెట్టకుండా పాత ఇనుము వాడికి అమ్మేయండి. చాసిస్ నంబరు కొట్టిన చోట మట్టి, పాత రంగు పొరలు పేరుకుని ఉంటాయి. పరీక్ష చోటికి వెళ్లాక స్క్రూ డ్రైవర్‌తో గీకి అంకెలు చెడగొట్టుకున్నవారు ఉన్నారు. ముందుగానే కిరోసిన్ గుడ్డతో నానబెట్టి మెత్తగా తుడిచి, పెన్సిల్ ప్రింటు ఒకటి తీసి చూసుకుంటే సరిపోతుంది. ఇన్సూరెన్సు, పొల్యూషన్, పర్మిట్, క్వార్టర్లీ ట్యాక్సు కాగితాల తేదీలు మీకే బాగా తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బుల మాట. ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు రూ.50 చొప్పున అదనపు రుసుము పడుతోందన్నది మనందరికీ గుచ్చుకుంటున్న ముల్లే. 2022 మే నెలలో దీని మీద ఆటోలు, క్యాబులు, లారీలు నగరంలో ఒక రోజు ఆగిపోయినప్పుడు నేనూ షెడ్డు మూసి మీ వెంట నిలబడ్డాను. చిన్న బండి మీద బతికేవాడికి ఆ రుసుము భారమేనని ఇప్పటికీ అంటాను. కానీ నా కళ్లతో చూసినంతవరకు, గడువు దాటిన బండ్లలో ఎక్కువ భాగం స్లాట్ దొరక్క ఆగినవి కావు. అప్పటికప్పుడు పెద్ద పని బయటపడి, చేతిలో డబ్బు లేక, రెండు నెలలు మూలన నిలబడ్డవి. ఇంజన్ పని అయితే అప్పు చేసైనా చేయించుకుంటాం, ఎందుకంటే అది లేకపోతే బండి కదలదు. బ్రేకులు, పిన్నులు, కమాన్లు అరిగినా బండి కదులుతూనే ఉంటుంది కాబట్టి వాటిని వాయిదా వేస్తాం. వాయిదా వేసినవన్నీ ఫిట్‌నెస్ నెలలో ఒకేసారి గుమ్మం ముందుకు వచ్చి కూర్చుంటాయి. ప్రతి ట్రిప్పు నుంచి కొంత పక్కన పెట్టి ఫిట్‌నెస్ చిట్టీ లాగా నడుపుకుంటున్న ట్రాలీ ఆటోల కుర్రాళ్లు కొందరు నాకు తెలుసు. నాలుగు బండ్లున్న సేట్లకు రాని ఆలోచన వాళ్లకు వచ్చింది.

రవాణా కార్యాలయం గేటు బయట నిలబడి, బండి సంగతి తనకు వదిలేయమనే మధ్యవర్తుల గురించి నేను పెద్దగా చెప్పను. వారికి ఇచ్చే సొమ్ముతో ఒక ఇరుసుకు లైనర్లు వస్తాయి, ఈ లెక్క ఒక్కటి వేసుకోండి చాలు. అదీగాక ఆ దారి మూసుకుపోయే రోజులు దగ్గరపడుతున్నాయి. యంత్రాలతో పరీక్షించే కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులోనే నియమాలు తెచ్చింది. ఆ కేంద్రాల్లో బండిని రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు నొక్కిస్తారు, ఏ చక్రం ఎంత బలంతో పట్టిందో విడివిడిగా అంకెల్లో వస్తుంది. ఎడమకూ కుడికీ తేడా ఉంటే తెర మీద కనిపిస్తుంది, కొత్త రంగును యంత్రం చూడదు. కళ్లతో చూసే పరీక్షకు అలవాటు పడిన మన బండ్లు ఆ రోలర్ల మీద మొదటి రోజు ఎన్ని నిలబడతాయో నాకు అనుమానమే. ఇక్కడ అధికారులతో కూడా ఒక పేచీ ఉంది నాకు. ఫెయిలైన బండికి ఏ పని చేయించాలో తెలుగులో, మెకానిక్‌కు అర్థమయ్యే మాటల్లో, ఏ చక్రమో ఏ వైపో స్పష్టంగా రాసివ్వాలి. 'బ్రేకులు సరిగా లేవు' అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చిన బండిని మళ్లీ మొదట్నుంచి విప్పుకోవాల్సి వస్తోంది. మీ సంఘాలు ఆ కోరిక పెడితే వినేవారు ఉంటారు, నా ఒక్కడి గొంతు గేటు దాటి వెళ్లదు.

డ్రైవర్ గురించి చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. బండిని షెడ్డుకు తెచ్చేటప్పుడు చాలామంది డ్రైవర్‌కు ఆ రోజు సెలవిచ్చి, ఇంకొకరి చేత తోలించి పంపుతున్నారు. బండికి నిజమైన డాక్టరు నేను కాదు, రోజుకు పన్నెండు గంటలు దాని మీద కూర్చునే మనిషి. ఏ గేరులో చప్పుడు వస్తుందో, ఎంత వేగంలో స్టీరింగ్ వణుకుతుందో, వానలో ఏ వైపు లాగుతుందో ఆయనకు తెలుసు. గడువుకు నెల ముందు నుంచి ఆయన చేతికి ఇరవై రూపాయల నోటుబుక్కు ఒకటి ఇచ్చి, తోచినవన్నీ రాయమనండి. రాయడం రాకపోతే క్లీనర్ చేత రాయించమనండి. మీ ముందు చెబితే పని ఎగ్గొట్టడానికి వంక పెడుతున్నాడంటారని భయపడి నోరు మూసుకునే డ్రైవర్లను నేను చూశాను. నా ముందు, మీరు లేనప్పుడు, వాళ్లే బ్రేకు సంగతి చెవిలో చెప్పి వెళ్తారు. అలా చెప్పిన ఒక పెద్దాయన, "మాకు చెప్పుకునే చోటు మీ షెడ్డు ఒక్కటే సార్" అన్నాడు. ఆ మాట విన్నాక మూడు రోజులు నాకు పని మీద మనసు నిలవలేదు.

సంఘాల పెద్దలకు ప్రత్యేకంగా ఒక ప్రతిపాదన. పుత్లీబౌలి, రాణీగంజ్ దుకాణాల్లో ఒక్కొక్కరుగా బేరమాడి లైనర్లు, సీళ్లు, టేపులు కొనేకంటే, మూడు నెలలకోసారి అందరి అవసరాలు కలిపి ఒకేసారి కొంటే మంచి కంపెనీ సామానే తక్కువ ధరకు వస్తుంది. పేరున్న కంపెనీ పెట్టెలో నాసిరకం లైనర్లు పెట్టి అంటగట్టే బాధ కూడా తప్పుతుంది. సామాను మీరు తెచ్చుకుంటే కూలి మాత్రమే తీసుకుని వేయడానికి నేను సిద్ధం. నాలా ఒప్పుకునే షెడ్లు ఆటోనగర్‌లో ఇంకో అయిదారు ఉన్నాయి, వారితో మాట్లాడాను.

నా షెడ్డు పద్ధతి ఇప్పటి నుంచి ఇలా ఉంటుంది. ఫిట్‌నెస్ కోసం వచ్చిన ప్రతి బండిని ముందు అడుగు భాగం, ఆపైన నాలుగు చక్రాలు విప్పి చూస్తాను, చేయాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి ఒకటి మీకు, ఒకటి డ్రైవర్‌కు ఇస్తాను. అందులో ఇవాళే చేయాల్సినవి, నెలలో చేయాల్సినవి వేరువేరుగా ఉంటాయి. ఇవాళే చేయాల్సినవి వద్దంటే మిగతా పని కూడా నేను ముట్టుకోను, చూసినందుకు కూలి అడగను. విప్పి తీసిన పాత సామాను బండిలోనే గోనె సంచిలో వేసి పంపిస్తాను, మార్చానో లేదో మీరు చూసుకోవచ్చు.

మే రెండో వారం నుంచి జూన్ నెలాఖరు దాకా స్కూలు బస్సుల పనితో ఆటోనగర్ మొత్తం నిండిపోతుంది, ఆ రోజుల్లో లేత్ దగ్గర డ్రమ్ముకు నాలుగు రోజులు కాచుకోవాలి. కాబట్టి ఆ రెండు నెలల్లో గడువు ఉన్నవారు ఏప్రిల్ మొదటి వారంలోనే రావాలని మనవి. లోడు దింపుకుని, పోయినసారి ఫిట్‌నెస్ కాపీ వెంట పెట్టుకుని, రోజూ తోలే డ్రైవర్‌తోనే రండి. ఆదివారం మధ్యాహ్నం వరకు కూడా ఉంటాను. బండి మీద ఎంత మట్టి ఉన్నా సరే.

ఇట్లు,
ఆటోనగర్ నుంచి మీ మెకానిక్